పదకొండు నిమిషాల వృక్షాసనం

రాజేశ్వర్‌కి లోకంలో ఇష్టమైన ఆసనం ఒక్కటే. కుర్చీలో వెనక్కి వాలి, ఎదురుగా స్టూలు మీద కాళ్లు చాపుకొని, పొట్ట మీద చాయ్ గ్లాసు నిలబెట్టుకోవడం. గ్లాసు జారకుండా నిలబడేంత చదును ఆ పొట్టకి ఊరికే రాలేదు. వెనక ఇరవై రెండేళ్ల సర్కారీ కొలువు ఉంది.

బాన్సువాడలో కాలువల ఆఫీసు ఆయనది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకోవడమే పని. అందుకే ఊళ్లో అందరూ ‘తూముల సారు’ అంటారు. నిజాంసాగర్ నీళ్లు ఏ ఊరికి పోవాలో ఆయన చెప్పగలడు. ఆయన నోట్లోకి ఏది పోవాలో చెప్పేది మాత్రం భార్య సుజన.

ఒకరోజు దవాఖానలో డాక్టరు రిపోర్టు చూసి, "సార్, షుగర్ గట్టు దాకా వచ్చింది. ఇంకో నాలుగు వేళ్లు లేస్తే గట్టు తెగుతది" అన్నాడు. రాజేశ్వర్‌కి అర్థమయ్యే భాషలోనే చెప్పాడు. అర్థం చేసుకున్నది మాత్రం పక్కన కూర్చున్న సుజన.

ఇంటికి రాగానే ఆమె తీర్పు చెప్పేసింది.

"రేపటి నుంచి యోగా. నిజామాబాద్ రోజారాణి మేడం కంప్యూటర్ల చెప్తది. పొద్దుగాల ఆరింటికి. కెమెరా ఎదురుంగ నిలబడి చెయ్యాలె. తగ్గకపోతే అన్నం బందు, చక్కెర బందు, ఆలుగడ్డ బందు."

"మరి ఏం తినాలెనే?"

"తిట్లు తిను. వాటిల చక్కెర ఉండదు."

రోజారాణి మేడం తిట్టినా జోలపాడినట్టే ఉంటుంది. తెర మీద అగ్గిపెట్టెలంత గళ్లలో నలభై మంది కనిపిస్తుంటే, అందులోంచి రాజేశ్వర్‌నే వెతికి పట్టుకొని, "రాజేశ్వర్ గారూ, మోకాలు వంగిందండీ" అని తియ్యగా అనేది. వజ్రాసనంలో కూర్చుంటే ఆయన మోకాళ్లు కంకర లారీ తిరగబడ్డట్టు చప్పుడు చేశాయి. పవనముక్తాసనం పేరుకు తగ్గట్టే పనిచేసింది. ఆ రోజు మైకు మూయడం ఆయన మర్చిపోయాడు.

ఇట్లా పది రోజులు గడిచాక ఆయనకి ఆఫీసులో జ్ఞానోదయమైంది.

ఆ రోజు పైఆఫీసరుతో కంప్యూటర్లో మీటింగు. ఆఫీసరు పంట కాలువల పూడిక గురించి గంటసేపు చెప్పాడు. రాజేశ్వర్ చెంప కింద చెయ్యి పెట్టుకొని మొదటి అయిదు నిమిషాలు విన్నాడు. మిగతా యాభై అయిదు నిమిషాలు కునుకు తీశాడు. చివర్లో ఆఫీసరు, "అందరూ రాజేశ్వర్‌ని చూసి నేర్చుకోవాలి. గంటసేపు కదలకుండా, రెప్పవాల్చకుండా విన్నాడు" అని మెచ్చుకున్నాడు.

రాజేశ్వర్ ఉలిక్కిపడి లేచి, పక్క సీటు సల్మాన్ చెవిలో అడిగాడు. "ఏందిరా గిది?"

"నేను కాలువ ఫోటోలు పైకి పంపుతున్న గదా సార్. ఆ పని వెనకాల నడుస్తుంది. నెట్టంత అదే తాగుతుంది. మన బొమ్మ పోనీకి దారి లేక, మీరు వింటున్న కాడనే అక్కడ నిలబడిపోయింది" అన్నాడు సల్మాన్.

రాజేశ్వర్‌కి ఒళ్లు పులకరించింది. పై తూము బార్లా తెరిస్తే కింది పొలాలకు చుక్క రాదు. ఇరవై రెండేళ్లుగా రైతులు కర్రలు పట్టుకొని తన దగ్గరికి తెస్తున్న తగాదా ఇదే. తగాదాలోనే వరం ఉందని ఇన్నేళ్లూ తోచలేదు.

ఆ సాయంత్రం సుజన గుడికి వెళ్లిన సమయం చూసి ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ల ఫోటోలు, పెళ్లి వీడియో, పుట్టువెంట్రుకల వీడియో అన్నీ నెట్‌లో దాచిపెట్టే పని ఒకటి పురమాయించాడు. అది చాలదన్నట్టు, మూడు గంటల పెళ్లి వీడియోని చిన్నది చేసే పని కూడా దానికే తగిలించాడు. నెట్ తూము ఒకటి, కంప్యూటర్ బుర్ర తూము ఒకటి. రెండూ రోజూ పొద్దున ఆరూ పదికి వాటంతట అవే తెరుచుకోవాలి. దారిలో కనిపించిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టాడు. ఏ గడి దేనికో చదవలేదు. చివర్లో పేరు అడిగితే, ఎప్పుడైనా సుజన చూస్తుందేమోనని ముందుజాగ్రత్తగా ‘ముట్టద్దు’ అని పెట్టాడు.

మర్నాడు ఆరింటికి సుజన ఎప్పటిలాగే నడకకీ పాలకీ కలిపి బయటికి వెళ్లింది. ఆరూ పదికి మేడం వృక్షాసనం అంది. రాజేశ్వర్ ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి జోడించాడు. అంతలో కంప్యూటర్ లోపల ఫ్యాను బియ్యం మిల్లులా మోత మొదలుపెట్టింది. తెర మీద మేడం, మిగతా నలభై మంది ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు.

రాజేశ్వర్ మెల్లగా కాలు దించాడు. ఎవరూ ఏమీ అనలేదు. వీపు గోక్కున్నాడు. ఏమీ అనలేదు. నాలుక బయటపెట్టి చూశాడు. జోల వినిపించలేదు. ఇక వెళ్లి కుర్చీలో వాలి, స్టూలు మీద కాళ్లు చాపి, పాత ఫైళ్ల వెనక దాచిన బిస్కెట్ పొట్లం తీశాడు.

ఏడింటికి సుజన పాలగిన్నెతో, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చింది.

"ఏమయ్యా! మేడం గ్రూపుల నీ ఫోటో పెట్టింది! పదకొండు నిమిషాలు వృక్షాసనంల ఉన్నవట! అసలు రెప్ప గుడ వెయ్యలేదట!"

రాజేశ్వర్ మూతికి అంటిన బిస్కెట్ పొడి తుడుచుకొని, "ఏకాగ్రతనే సుజనా, అంత ఏకాగ్రత" అన్నాడు.

రెండు వారాల్లో ఆయన కీర్తి బాన్సువాడ దాటింది. సుజన పుట్టిల్లు వర్నిలో ఉంది. అక్కడ బావమరదులు ఆయన ఫోటోని ఫోన్లలో తిప్పుకున్నారు. బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం బద్రుద్దీన్ భార్య అజీమున్నీసా కూడా అదే క్లాసులో ఉంది. ఆమె రోజూ మొగుడికి ఆ ఫోటో చూపించి, "రాజేశ్వర్ సాబ్‌ని చూసి సిగ్గు తెచ్చుకో" అంటోందని ఊళ్లో చెప్పుకున్నారు. ఇదంతా వింటుంటే రాజేశ్వర్‌కి తను నిజంగానే నిలబడ్డట్టు అనిపించసాగింది. ఒకసారి అలవాటులో, "కాలు కొంచెం గుంజుతుందే" అని కూడా అన్నాడు. సుజన నువ్వుల నూనె కాచి మర్దన చేసింది.

అన్నీ బాగానే ఉన్నాయి. పని మాత్రం ఆగడం మానేసింది.

గడి గడికీ పెట్టిన టిక్కుల పుణ్యమా అని, ఆరూ పదికి తెరుచుకున్న తూములు ఏడయినా, పదయినా, మధ్యాహ్నమైనా మూసుకోవడం లేదు. పదకొండింటికి సుజన క్లాసు. ఆమె మగ్గం పని నేర్పుతుంది. కెమెరా కింద బట్ట బిగించి, సూదిపోటు సూదిపోటూ చూపిస్తుంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు ఇళ్లలో కూర్చొని చూసి కుట్టుకుంటారు.

ఒకరోజు రాజేశ్వర్ మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి సుజన నడుం మీద చెయ్యేసుకొని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమయ్యా, నెమలికి పొట్ట ఉంటదా, ఉండదా?"

రాజేశ్వర్ తన పొట్ట వైపు చూసుకున్నాడు. "ఉంటే ఏమైతది?"

"నేను ముక్కు కుట్టినప్పుడు బొమ్మ ఆగిందట. మళ్ల కదిలేసరికి కాళ్లు కుడుతున్ననట. పన్నెండు మంది పన్నెండు నెమళ్లు కుట్టిన్రు. ఒక్కదానికీ పొట్ట లేదు! ముక్కు కిందనే కాళ్లు!"

"కొత్త డిజైన్ అనుకుంటరు తియ్."

"పెద్ద కొడప్‌గల్ నుంచి నేర్సుకునే అంబిక పెండ్లిపిల్ల జాకెట్టు మీద కుట్టేసింది! పెండ్లి శుక్రవారం! ఆ పిల్ల తల్లి అంబికకు ఫోన్ జేసి, ఇది నెమలా, నడిచే ముక్కా అని అడిగిందట!"

"నెట్టోళ్లు గట్లనే చేస్తరు. వానకు తీగలు తడిసుంటయ్."

"ఏప్రిల్ నెలల ఏం వాన?"

"ఎండకు సాగుంటయ్."

సుజన ఆయన వైపు ఒక క్షణం చూసి లోపలికి వెళ్లింది. అన్నంలో ఆ రోజు కూర వడ్డించలేదు.

అదే వారం దవాఖానలో మళ్లీ రక్తపరీక్ష జరిగింది. చక్కెర తగ్గలేదు సరికదా, గట్టు మీదికే ఎక్కి కూర్చుంది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకొని, "రోజూ పదకొండు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడే మనిషికి ఇట్ల పెరగొద్దు. ఇంకేదన్న ఉన్నదేమో చూడాలె" అన్నాడు. రాజేశ్వర్ మిషన్ ఖరాబయిందని తీసిపారేశాడు. సుజన దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె తిట్టకపోవడం మంచిదేననుకున్నాడాయన.

ఈలోపు రోజారాణి మేడం ఇంకో కబురు పెట్టింది. వచ్చే ఆదివారం ప్రత్యేక తరగతి. రాజేశ్వర్ గారు పదిహేను నిమిషాలు వృక్షాసనంలో నిలబడి చూపిస్తారు. క్లాసులో లేనివాళ్లు కూడా చూడొచ్చు. వర్ని బావమరదులు, ఆఫీసు వాళ్లు అప్పుడే పేర్లు రాయించుకున్నారు.

శుక్రవారం సాయంత్రం సుజన ఆసిమాని వెంటబెట్టుకొని వచ్చింది. బద్రుద్దీన్ కూతురు ఆసిమా. చదువు అయ్యాక తండ్రి చెప్పుల దుకాణం పక్కనే కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకుంది. ఊళ్లో సగం కంప్యూటర్ల గుట్టు ఆమెకు తెలుసు.

"అక్క క్లాసు ఆగి ఆగి వస్తుందట గదా అన్నా. ఒకసారి చూస్త" అంటూ కూర్చుంది. ముందు నెట్ పెట్టె తీగ పీకి మళ్లీ పెట్టింది. వేరే తీగతో చూసింది. తన ఫోనులో నెట్ వేగం కొలిచింది.

"నెట్ మంచిగనే వస్తుంది అక్కా. లోపల ఎవరో తాగుతున్నరు."

"లోపల ఎవరుంటరమ్మా?" అన్నాడు రాజేశ్వర్.

ఆసిమా కంప్యూటర్లో నడుస్తున్న పనులన్నీ వరసగా తెర మీద పరిచింది. ఏది ఎంత మింగుతోందో చూసి, ఎక్కువ మింగేదాన్ని పైకి తెచ్చింది.

"గిదిగో దొంగ. కంప్యూటర్ బుర్రల నూటికి తొంబై ఇదే తింటుంది. నెట్ మొత్తం ఇదే తాగుతుంది."

"పేరేంది?" సుజన ముందుకు వంగింది.

"ముట్టద్దు."

"నేను ముడతలేనమ్మా. పేరేంది అంటున్న."

"పేరే ముట్టద్దు అక్కా."

సుజన నిటారుగా నిలబడింది. రాజేశ్వర్ గోడ మీది క్యాలెండరులో తిథి చూడసాగాడు.

"కంపెనీవోళ్లు పెట్టి ఉంటరు" అన్నాడు, తిథి మీంచి చూపు తిప్పకుండా.

"తెలుగులనా?" అంది సుజన.

"ఇప్పుడు కంపెనీలు గుడ మన భాషకు విలువిస్తున్నయ్ గదనే."

సుజన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆమె అటు తిరగగానే ఆసిమా ఇంకో కిటికీ తెరిచి, తెరని ఆయన వైపు తిప్పింది. అందులో అంతా ఉంది. మొదలయ్యేది రోజూ ఆరూ పదికి. పెట్టినవారు, రాజేశ్వర్.

రాజేశ్వర్ రెండు చేతులూ జోడించాడు. ఆ భంగిమ ఆయనకి బాగా అలవాటైంది.

"ఆసిమా, నువ్వు నా చెల్లె లెక్క. మీ అక్కకు చెప్పకు. ఆదివారం ఒక్కటి గడవనియ్. వర్నోళ్లంత చూస్తరు. నా ఇజ్జత్ పోతది."

ఆసిమా ఆ కిటికీ మూసేసింది.

"అన్నా, మా అమ్మి రోజు మీ ఫోటో చూపెడితే మా అబ్బా పోయిన శుక్రారం, జుమ్మా నాడు ఒంటికాలు మీద నిలబడ్డడు. నాలుగో నిమిషంల నీళ్ల డ్రమ్ము మీద పడ్డడు. ఇప్పుడు నడుముకు బెల్టు పెట్టుకొని పండుకున్నడు. నేనేమో, రాజేశ్వర్ అన్న యాభై ఏండ్లల నిలబడ్తుండు, నీకేమైంది అని అబ్బానే తిట్టిన."

"నలభై ఎనిమిది" అన్నాడు రాజేశ్వర్ నేల చూపులు చూస్తూ.

లోపల గ్లాసుల చప్పుడైంది. ఆసిమా నిట్టూర్చింది. "సరే అన్నా. ఆదివారం దాకా పొద్దుగాల నడుస్తది. అక్క క్లాసుకు మాత్రం అడ్డం రాకుండ చేస్త."

రాజేశ్వర్‌కి ఆ పిల్ల కాళ్లకి దండం పెట్టాలనిపించింది. పొట్ట అడ్డమొచ్చి ఆగాడు.

"చిన్న రోగమే అక్కా, మందేసిన" అని చెప్పి, చాయ్ తాగి వెళ్లిపోయింది ఆసిమా. సుజన ఆమెను గేటు దాకా సాగనంపింది. కొంచెం ఎక్కువసేపే సాగనంపింది.

ఆదివారం వచ్చింది. రాజేశ్వర్ కొత్త బనియను తొడుక్కున్నాడు. ముందురోజు సాయంత్రమే పావుకిలో జిలేబి తెచ్చి ఫైళ్ల వెనక సర్దాడు. పదిహేను నిమిషాలంటే మాటలా!

సుజన పాలగిన్నె తీసుకొని, "మంచిగ చెయ్యయ్యా" అని చెప్పి బయటికి నడిచింది. తెర మీద గళ్లు నలభై కాదు, డెబ్బై ఉన్నాయి. వర్ని బావమరదులు ఇద్దరూ కండువాలు వేసుకొని పెళ్లికి వచ్చినట్టు కూర్చున్నారు. సల్మాన్ ఉన్నాడు. ఒక గడిలో నడుముకు వెడల్పాటి బెల్టుతో బద్రుద్దీన్ దిండుకు ఆనుకొని ఉన్నాడు. రోజారాణి మేడం జోలపాట గొంతుతో, "ఈ మహానుభావుణ్ణి చూడండి" అని పరిచయం చేసింది.

ఆరూ పది. రాజేశ్వర్ ఒంటికాలి మీద లేచాడు. చేతులు పైకి వెళ్లాయి. ఫ్యాను బియ్యం మిల్లులా మోగింది. ఆ మోత విన్నాక ఆయన ఇంకేమీ చూడలేదు. చూడాల్సిన అవసరం ఇన్ని రోజులుగా రాలేదు మరి. శబ్దం పూర్తిగా తగ్గించేసి, కాలు దించి, కుర్చీలో పడ్డాడు.

ఒక జిలేబి తిన్నాడు. వేళ్లు నాకాడు. రెండోది తిన్నాడు. పాకం బనియను మీద కారితే బనియను ఎత్తి నాకాడు. చాయ్ గ్లాసు పొట్ట మీద నిలబెట్టి, ఊపిరి పీల్చి వదులుతూ అది పైకీ కిందికీ పోతుంటే చూసి మురిసిపోయాడు. హుషారెక్కువైంది. కెమెరా వైపు తిరిగి, గొంతు సన్నం చేసి, "రాజేశ్వర్ గారూ, మోకాలు వంగిందండీఈఈ" అని అచ్చం మేడంలా సాగదీశాడు. మూడో జిలేబిని కన్నుకి అడ్డంగా పెట్టుకొని దాని కంతలోంచి తెర వైపు చూశాడు.

కంతలో బద్రుద్దీన్ కనిపించాడు. నడుం నొప్పి మరిచి చప్పట్లు కొడుతున్నాడు.

రాజేశ్వర్ జిలేబి దించాడు. బొమ్మల్లా బిగుసుకుపోవాల్సిన డెబ్బై మందీ కదులుతున్నారు. పెద్ద బావమరిది కండువా నోట్లో కుక్కుకున్నాడు. సల్మాన్ గడిలో సల్మాన్ లేడు, కుర్చీ కింద నుంచి అతని కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. రాజేశ్వర్ శబ్దం పెంచాడు.

"రాజేశ్వర్ గారూ," రోజారాణి మేడం గొంతు ఇంకా జోలపాటలాగే ఉంది. "ఇది ఏ ఆసనమండీ? నా పుస్తకాల్లో ఎక్కడా లేదు."

"జిలేబీ ఆసన్ మేడం!" అరిచాడు బద్రుద్దీన్. "గిదైతే నేను గుడ చేస్త!"

రాజేశ్వర్ ఒక్క ఉదుటున లేచి ఒంటికాలి మీద నిలబడబోయాడు. చాయ్ గ్లాసు ఎగిరి కీబోర్డు మీద పడింది. స్టూలు దొర్లింది. జిలేబి పొట్లం మీద అడుగుపడి, జారి, టేబుల్ పట్టుకొని, ఆ పట్టులోనే తీగ పీకేశాడు. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. ఇంట్లో ప్రశాంతత ఆవరించింది.

ఆ ప్రశాంతతలో డెబ్బై మంది నవ్వు వినిపించింది.

వెనక్కి తిరిగాడు. గుమ్మంలో సుజన, ఒక చేతిలో ఖాళీ పాలగిన్నె, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో క్లాసు నడుస్తూనే ఉంది. కెమెరా ఆయన వైపే ఉంది.

"అది... ఆసిమా ఉంచుత అన్నది గదా" అన్నాడు.

"ఉంచింది. నిన్న నువ్వు బయటికి పోయినప్పుడు మళ్లొచ్చి, రెండు తూములల్ల ఒకటి ఉంచింది. నెట్‌ది మూసి, ఫ్యాను తిరిగేది ఉంచింది. ఫ్యాను మోగితే చాలు, నువ్వు ఇగ తలకాయ ఎత్తి చూడవని నేనే చెప్పిన." సుజన అందరికీ నమస్కారం చెప్పి ఫోను కట్టేసింది.

నవ్వు ఆగిపోయింది. ఆమె వచ్చి, దొర్లిన స్టూలు నిలబెట్టి దాని మీద కూర్చుంది.

"నేను భయపడ్డ గదయ్యా," అంది నెమ్మదిగా. "యోగా గింత మంచిగ చేస్తుండు, చక్కెర పెరుగుతుంది, లోపల ఇంకేం పెద్ద రోగం ఉన్నదో అని. మూడు రోజులు ముద్ద దిగలేదు నాకు. ఆసిమా గేటు కాడ చెప్తే, ఫస్టు కోపం రాలే. ఓ, గింతేనా అని ఏడుపొచ్చింది."

రాజేశ్వర్‌కి, ఆఫీసరు మెచ్చుకున్నప్పుడూ, వర్ని నుంచి ఫోన్లు వచ్చినప్పుడూ, కాలికి నూనె రాస్తున్నప్పుడూ రాని సిగ్గు అప్పుడొచ్చింది. వంగి, నేల మీద నలిగిన జిలేబిలు ఒక్కొక్కటీ ఏరి, తీసుకెళ్లి బయట చెత్తడబ్బాలో వేశాడు. చివరిది వేసే ముందు చెయ్యి కొంచెం ఆగింది. సుజన దగ్గింది. వేసేశాడు.

సాయంత్రం బద్రుద్దీన్ ఇంటికి వెళ్లి, నడుం నొప్పి అడిగి, తప్పయిందని చెప్పి వచ్చాడు. బద్రుద్దీన్ కోప్పడలేదు. ఆ ఇంట్లో ఇక ముందు ఎవరి ఫోటో చూపించకూడదని ఆ పొద్దునే నిర్ణయమైందట. ఆయన కృతజ్ఞతగా ఒక జత నడక బూట్లు ఇచ్చాడు.

సోమవారం పొద్దున ఆరింటికి రాజేశ్వర్ ఆ బూట్లేసుకొని కాలువ గట్టు మీద నడుస్తున్నాడు. కెమెరా లేదు, నెట్ లేదు, వెనకాల నడిచే పనీ లేదు. వెనకాల నడుస్తున్నది స్కూటీ ఒక్కటే. దాని మీద సుజన, కాళ్లు రెండూ నేలకి ఆనిస్తూ, ఆయన నడక వేగానికే తోలుతోంది. ఆయన ఆగితే హారను కొడుతోంది.

రెండో కిలోమీటరు దగ్గర పొలానికి నీళ్లు కట్టుకుంటున్న రైతు జేత్యా పార భుజాన పెట్టుకొని గట్టెక్కాడు. చెమటలు కక్కుతున్న తూముల సారునీ, వెనకాల స్కూటీనీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది సారూ, నడుసుకుంట వస్తున్నవ్? బండి ఖరాబైందా?"

రాజేశ్వర్ నోరు తెరిచేలోపే సుజన అందుకుంది.

"బండి మంచిగనే ఉన్నది జేత్యా. సారుకే రిపేరు నడుస్తుంది."

రాజేశ్వర్ ఏదో అనబోయాడు. హారను మోగింది. నడక పెంచాడు.